బాబుకు బృహద్ధమని ఇరుకుగా ఉందన్నారు, ఆడుతూనే ఉన్నాడు: ఆపరేషన్ ఇప్పుడే కావాలా?

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. బాబుకు ఏడేళ్లు, బరువు 19 కిలోలు. బడికి వచ్చిన ఆరోగ్య బృందం గుండెలో శబ్దం ఉందని, కుడి చేతి బీపీ 138 ఉందని చీటీ రాసిచ్చింది. వరంగల్‌లో టూడీ ఎకో తీయిస్తే ‘కోఆర్క్టేషన్ ఆఫ్ అయోర్టా, గ్రేడియంట్ 42, బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్’ అని వచ్చింది. హైదరాబాద్‌లో సీటీ తీయించుకోవాలని, ఆ తర్వాత ఆపరేషనో స్టెంటో పడుతుందని చెప్పారు. బాబు మాత్రం అందరు పిల్లల్లాగే ఉరుకుతున్నాడు. అప్పుడప్పుడు కాళ్లు గుంజుతున్నాయంటాడు, ఎండాకాలంలో ముక్కులోంచి రక్తం కారింది. ‘మంచిగున్న పిలగాన్ని కోయించుడెందుకు, పెద్దయినంక చూద్దాం’ అని నాయనమ్మ అంటోంది. బాబు తల్లికి ఇప్పుడు నాలుగో నెల. మందులతో తగ్గదా, ఆగొచ్చా, పుట్టబోయే బిడ్డకు కూడా వస్తుందా అని మీ ప్రశ్నలు.

నేను హనుమకొండలో చాలా ఏళ్లు పిల్లల డాక్టరుగా పని చేశాను. గుండె సర్జన్‌ని కాను. కానీ ఈ జబ్బును మొదట పట్టుకోవాల్సిందీ, ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాల్సిందీ నాలాంటి ఊరి పిల్లల డాక్టర్లే. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. కోఆర్క్టేషన్ అంటే బృహద్ధమని ఒక చోట ఇరుకు కావడం. ఇది గుండెకు చిల్లు కాదు. మందులతో ఆ ఇరుకు తెరుచుకోదు. ఈ రాత్రికే పరుగెత్తాల్సిన అత్యవసరం కూడా కాదు. అయితే ‘పెద్దయ్యాక చూద్దాం’ అనే మాట మాత్రం ఈ జబ్బుకు పనికిరాదు. సీటీకి ఈ వారమే తేదీ తీసుకోండి. పంటలు అయ్యాకనో, పరీక్షలు అయ్యాకనో అనుకుంటే ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

గుండె నుంచి శరీరమంతటికీ మంచి రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. గుండె ఎడమ గదిలోంచి బయలుదేరి, పైకి వెళ్లి, వంపు తిరిగి, వెన్నెముక పక్కనుంచి కిందికి దిగుతుంది. వంపు దగ్గరే తలకు, రెండు చేతులకు పోయే శాఖలు విడిపోతాయి. ఎడమ చేతికి పోయే శాఖ దాటిన వెంటనే, కిందికి దిగే మలుపులో, మీ బాబుకు ఆ గొట్టం నొక్కుకుపోయింది. ఎక్కువ మంది పిల్లల్లో ఇరుకు సరిగ్గా ఇక్కడే ఉంటుంది.

మన ఎస్సారెస్పీ కాకతీయ కాలువ మీద ఒక తూము సగానికి పైగా మూసుకుపోయిందనుకోండి. పైన నీళ్లు ఎక్కి కట్టల మీద ఒత్తిడి పెరుగుతుంది, చివరి ఆయకట్టు పొలాలకు నీళ్లు అందవు. బాబు ఒంట్లో జరుగుతున్నది అదే. ఇరుకుకు పైనున్న తల, చేతులకు రక్తం ఎక్కువ ఒత్తిడితో పోతోంది. కింద పొట్ట, కిడ్నీలు, కాళ్లకు తక్కువ ఒత్తిడితో అందుతోంది. ఏళ్లు గడిచే కొద్దీ శరీరం పక్కటెముకల వెంట ఉన్న చిన్న నాళాలను పెద్దవి చేసుకుని, పిల్ల కాలువల్లాగా చుట్టూ తిప్పి కిందికి రక్తం పంపుతుంది. బాబు ఇన్నాళ్లు ఉరకగలిగింది వీటి వల్లే. కాస్త పెద్ద పిల్లల ఎక్స్‌రేలో పక్కటెముకల అడుగు అంచున చిన్న గాట్లు కనిపిస్తాయి. ఉబ్బిన ఆ నాళాలు ఎముకను ఒరిపి చేసిన గుర్తులవి.

అంటే, ఆడుతున్నాడు కాబట్టి జబ్బు చిన్నదని అనుకోవడానికి లేదు. శరీరం సర్దుకుంటోంది, ఆ సర్దుబాటు భారమంతా గుండె ఎడమ గది మోస్తోంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా కొట్టుకుని కొట్టుకుని దాని గోడ మందం అవుతుంది. మీ ఎకో రిపోర్టులో ‘ఎల్వీ హైపర్ట్రోఫీ’ అనే మాట ఉందేమో చూడండి, ఉంటే అర్థం ఇదే. కాళ్లు గుంజడం, ముఖ్యంగా ఉరికిన తర్వాత పిక్కలు పట్టేయడం, కాళ్లకు రక్తం చాలకపోవడం వల్ల కావొచ్చు. ముక్కులోంచి రక్తం ఎండకు ఎంతోమంది పిల్లలకు కారుతుంది, అది ఒక్కటే అయితే నేను పట్టించుకునేవాణ్ని కాదు. పై బీపీ 138 ఉన్న పిల్లవాడికి కారితే మాత్రం రెండింటినీ కలిపి చూడాలి. తలనొప్పి, పాదాలు చల్లగా ఉండటం కూడా ఇలాంటి పిల్లల్లో వింటూ ఉంటాం. చాలామందిలో ఏ బాధా ఉండదు, మీ బాబులాగే ఎవరో ఒకరు బీపీ చూస్తేనే బయటపడుతుంది.

మందుల సంగతి. బీపీ మందు వేస్తే పై అంకె తగ్గుతుంది, కానీ ఇరుకు అలాగే ఉంటుంది. ఇక్కడ కిడ్నీల పాత్ర కూడా ఉంది. తమకు రక్తం తక్కువగా అందుతోందని కిడ్నీలు గ్రహించి, బీపీ పెంచే హార్మోన్లను వదులుతాయి. మనం పైన గట్టిగా మందు వేసి ఒత్తిడి తగ్గిస్తే, కింద అసలే తక్కువ అందుతున్న కిడ్నీలకు ఇంకా తగ్గే ప్రమాదం ఉంది. అందుకే ఇరుకు సరిచేసేలోపు ఏ మందు, ఎంత మోతాదు అనేది పిల్లల గుండె డాక్టరే నిర్ణయించాలి. ఇంట్లో తాతకు రాసిన బీపీ గోళీ సగం విరిచి ఇవ్వడం లాంటివి దయచేసి చేయకండి.

ఇప్పుడు మీరు పంపిన వివరాల్లో నాకు లోటుగా కనిపించిన విషయం. కుడి చేతి బీపీ రాశారు, ఎకో గ్రేడియంట్ రాశారు. కాలి బీపీ ఎక్కడా లేదు. ఈ జబ్బులో అన్నిటికంటే సులువైన, ఖర్చు లేని, ఎంతో సమాచారం ఇచ్చే పరీక్ష అదే. మామూలుగా పడుకోబెట్టి చూస్తే కాలి పై అంకె చేతి అంకెతో సమానంగానో కాస్త ఎక్కువగానో ఉంటుంది. కాలి అంకె చేతి అంకె కంటే 20 గానీ అంతకు మించి గానీ తగ్గితే ఆ ఇరుకు పట్టించుకోవాల్సినంతదే. మీ దగ్గరలోని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఒకే పూట కుడి చేయి, ఎడమ చేయి, ఒక కాలు బీపీ చూసి, మూడూ కాగితం మీద రాసివ్వమని అడగండి. అలాగే గజ్జల్లో నాడి చూడమనండి. మణికట్టు నాడి, గజ్జల నాడి ఒకేసారి పట్టుకుంటే, ఈ పిల్లల్లో గజ్జలది బలహీనంగానో, రవ్వంత ఆలస్యంగానో తగులుతుంది. కొందరిలో అసలు తగలదు. వీపు మీద, రెండు రెక్కల ఎముకల మధ్య స్టెతస్కోప్ పెడితే శబ్దం వినిపించడం కూడా దీనికి గుర్తే.

కుడి చేయి అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, కొందరిలో ఎడమ చేతి నాళం మొదలయ్యే చోటు కూడా ఇరుకులోనే ఉంటుంది. అప్పుడు ఎడమ చేతి బీపీ తక్కువగా వచ్చి అంతా బాగుందనిపిస్తుంది. బీపీ పట్టీ విషయం కూడా చెప్పాలి. పెద్దవాళ్ల పట్టీ చిన్న పిల్లల చేతికి చుడితే అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర పెద్ద పట్టీతో చూసి ‘నార్మలే ఉంది’ అంటే ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. పిల్లల సైజు పట్టీ కావాలి, బాబు ఏడుపు ఆపి అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూడాలి. ఏడేళ్ల మగపిల్లవాడికి పై అంకె మామూలుగా 95 నుంచి 105 మధ్య ఉంటుంది, 115 దాటితే ఎక్కువే. మీ బాబుది 138 అంటే భయంతో పెరిగిన అంకె అని కొట్టిపారేయడానికి లేదు.

గ్రేడియంట్ 42 అంటే ఏమిటని అడిగారు. ఇరుకు దాటేటప్పుడు రక్తం ఎంత వేగంగా దూకుతోందో ఎకోలో కొలిచి, దాని నుంచి పైకీ కిందికీ మధ్య ఒత్తిడి తేడాను లెక్కగట్టిన అంకె అది. అది పనికొచ్చే అంకే, కానీ దాని ఒక్కదాని మీద నిర్ణయం తీసుకోరు. పిల్ల కాలువలు బాగా పెరిగిన పిల్లల్లో ఇరుకు తీవ్రంగా ఉన్నా ఆ అంకె తక్కువ రావొచ్చు. అందుకే రెండో ఎకోలో 35 వచ్చిందని తగ్గిపోతోందని సంబరపడొద్దు, 48 వచ్చిందని బెంబేలు పడొద్దు. సీటీ తీస్తే ఇరుకు ఎంత పొడవుంది, వంపు భాగం సన్నగా ఉందా, పక్క నాళాలు ఎలా ఉన్నాయి అన్నీ కళ్లకు కట్టినట్టు తెలుస్తాయి. స్టెంటా ఆపరేషనా అనేది ఆ బొమ్మ చూశాకే తేలేది.

బైకస్పిడ్ వాల్వ్ మాట చూసి రెండో జబ్బు కూడా ఉందని టెన్షన్ పడ్డట్టున్నారు. గుండె నుంచి బృహద్ధమనిలోకి తెరుచుకునే కవాటానికి మూడు రెక్కలుండాలి, మీ బాబుకు రెండే ఉన్నాయి. ఈ ఇరుకు ఉన్నవాళ్లలో సగం మందికి పైగా ఇది కలిసే ఉంటుంది. ఇప్పుడు దానికి ఏమీ చేయనక్కర్లేదు. కాకపోతే పెద్దయ్యాక ఆ కవాటం గట్టిపడటం, లీక్ అవడం, పైనున్న ధమని ఉబ్బడం జరగొచ్చు కాబట్టి జీవితాంతం చూయించుకుంటూ ఉండాలి. ఒకటి చేయండి: మీరూ, బాబు తల్లీ వీలు చూసుకుని ఒక్కొక్క ఎకో తీయించుకోండి. రెండు రెక్కల కవాటం కుటుంబాల్లో నడిచే గుణం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి, ఏ బాధా లేక తెలియకుండా ఉండటం అరుదేమీ కాదు.

నాయనమ్మకు ఏం చెప్పాలో ఇక్కడ రాస్తాను, ఆమె ప్రేమతోనే అంటోంది. ఆపరేషన్లు లేని కాలంలో ఈ ఇరుకుతో పుట్టి చిన్నతనం దాటినవాళ్లు సగటున 35 ఏళ్ల ప్రాంతంలో చనిపోయేవారని, 46 ఏళ్లు వచ్చేసరికి నలుగురిలో ముగ్గురు పోయేవారని పాత రికార్డులు లెక్కగట్టి చెప్పాయి. గుండె అలసిపోవడం, ధమని చిట్లడం, మెదడులో రక్తనాళం పగలడం, గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ పట్టడం వాటికి కారణాలు. స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ 1944లో మొదటిసారి ఇరుకు ముక్కను కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. మరుసటి ఏడాది బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ చేశారు. అంటే ఇది ఎనభై ఏళ్ల నుంచి చేస్తున్న, బాగా చేయి తిరిగిన ఆపరేషన్. ఇంకో మాట కూడా ఆమెకు చెప్పండి. ఇరుకు ఎంత ఆలస్యంగా సరిచేస్తే, సరిచేశాక కూడా బీపీ ఎక్కువగానే ఉండిపోయే అవకాశం అంత పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ నాళాల గోడలు బిరుసెక్కిపోతాయి. అందుకే ‘పెద్దయినంక’ అని ఆగితే బాబుకు లాభం లేదు, నష్టమే.

ఆపరేషనా, స్టెంటా? ఏడేళ్లు, 19 కిలోలు అంటే రెండింటి సరిహద్దులో ఉన్నాడు. స్టెంట్ అంటే గజ్జల్లోని నాళం గుండా సన్నని గొట్టం పంపి, ఇరుకు దగ్గర బెలూన్ ఉబ్బించి, లోహపు జాలీని అక్కడ నిలబెట్టడం. కోత ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రావొచ్చు. అయితే వేసే స్టెంట్ తర్వాత పెద్దవాళ్ల ధమని సైజుకు సాగదీయగలిగేది కావాలి. అలాంటి దాన్ని పంపే గొట్టం లావుగా ఉంటుంది, చిన్న పిల్లల గజ్జల నాళం దెబ్బతినొచ్చు. అందుకని సాధారణంగా 20 నుంచి 25 కిలోలు దాటిన పిల్లలకే స్టెంట్ వైపు మొగ్గు చూపుతారు. బాబు ఎదిగే కొద్దీ మళ్లీ ఒకటి రెండుసార్లు బెలూన్‌తో దాన్ని పెద్దది చేయాల్సి వస్తుంది. స్టెంట్ లేకుండా బెలూన్ ఒక్కటే వేసే పద్ధతి కూడా ఉంది. ఒకసారి ఆపరేషన్ అయ్యి మళ్లీ ఇరుకైన చోట అది బాగా పనిచేస్తుంది. మొదటిసారే బెలూన్ ఒక్కటీ వేస్తే మళ్లీ ఇరుకవడం, గోడ బలహీనపడి ఉబ్బడం కాస్త ఎక్కువ.

ఆపరేషన్‌లో ఎడమ పక్కన, పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, ఇరుకు ముక్క తీసేసి, మంచి కొసలు రెండూ కలిపి కుడతారు. ఛాతీ మధ్య ఎముక కోయడం, గుండెను ఆపి మెషిన్ మీద పెట్టడం ఇరుకు ఒక్కటే ఉన్న పిల్లల్లో సాధారణంగా అవసరం రాదు. సొంత కణజాలంతోనే అతుకుతారు కాబట్టి పిల్లవాడితో పాటు అది కూడా ఎదుగుతుంది. వారం అటూ ఇటూగా ఆస్పత్రిలో ఉండాలి. నా అభిప్రాయం అడిగితే, సీటీలో ఇరుకు చిన్న ముక్కగా ఉండి, సర్జన్, పిల్లల గుండె డాక్టరు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఆపరేషన్ అంటే వెనకాడకండి. ఇంకో ఆరు నెలలు బరువు పెరిగాక స్టెంట్ వేద్దామంటే, ఆ ఆరు నెలలు బీపీని ఎలా అదుపులో ఉంచుతారో, గుండె గోడ మందం ఎంత ఉందో అడగండి. కోత ఉండదన్న ఒక్క కారణంతో స్టెంట్ కోసం ఆగడం సరికాదు.

ప్రమాదాలు దాచను. అనుభవమున్న చోట ఈ వయసు పిల్లలకు, ఇరుకు ఒక్కటే ఉంటే, ప్రాణాపాయం వందలో ఒకరి కంటే తక్కువ. రక్తస్రావం, గొంతు కొన్నాళ్లు బొంగురుపోవడం, ఛాతీలో తెల్లని ద్రవం చేరడం లాంటివి కొద్దిమందిలో వస్తాయి. కుట్టేటప్పుడు ధమనిని కొన్ని నిమిషాలు బిగించి పెడతారు కాబట్టి వెన్నుపాముకు రక్తం తగ్గి కాళ్లు చచ్చుబడటం అనేది చాలా అరుదుగా జరిగే, కానీ తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సిన విషయం. సంతకం పెట్టేముందు ఇది అడగండి. అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు. ఇరుకు తీసేసిన మొదటి కొన్ని రోజుల్లో బీపీ తగ్గకపోగా ఇంకా పెరగడం కూడా చూస్తాం. ఆపరేషన్ ఫెయిలయిందని కంగారు పడొద్దు, దానికి మందులిస్తారు, చాలామందిలో మెల్లగా దిగుతుంది.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. పుట్టుకతో వచ్చిన గుండె లోపాల ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. 2023 డిసెంబర్ నుంచి పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు అయింది. రేషన్ కార్డు, ఆధార్, బడి బృందం ఇచ్చిన చీటీ, ఎకో రిపోర్టు పట్టుకుని పోండి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, డబ్బు కట్టేముందే అక్కడ మాట్లాడండి. మీ బాబును కనిపెట్టింది బడులకు, అంగన్‌వాడీలకు తిరిగే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందం కాబట్టి, ఆ దారిలో కూడా సర్కారు దవాఖానకు రిఫర్ చేయించుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తారు. ఎక్కడికి పోయినా అడగాల్సింది ఒకటే: పెద్దవాళ్ల గుండె డాక్టరు కాకుండా, పిల్లల గుండె డాక్టరు, పిల్లల గుండె సర్జన్, పిల్లల ఐసీయూ మూడూ అక్కడ ఉన్నాయా అని. ఎకో, సీటీ సీడీలు కూడా అడిగి తీసుకోండి. కాగితం రిపోర్టు ఒక్కటే ఉంటే రెండో డాక్టరు మళ్లీ అన్నీ తీయించమంటారు.

అప్పటిదాకా బాబు బడికి పోవచ్చు, మామూలుగా ఆడుకోవచ్చు. ఊపిరి బిగబట్టి బలం పెట్టే ఆటలు, అంటే కబడ్డీ పోటీలు, బరువులు ఎత్తడం మాత్రం ఆపండి. పళ్లు రోజూ రెండు పూటలా తోమించండి, పుచ్చుపళ్లుంటే ఆపరేషన్‌కు ముందే చూయించండి. పంటి నుంచి రక్తంలోకి పోయే క్రిములు గుండె పొరకు పట్టుకునే ప్రమాదం ఈ పిల్లల్లో ఉంటుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఆపరేషన్ తర్వాతది. కుట్లు మానగానే ‘అయిపోయింది’ అనుకుని ఫైలు బీరువాలో పెట్టేస్తారు. పదేళ్లకో పదిహేనేళ్లకో పోలీసు సెలక్షన్లకు పోయినప్పుడు, ఆడపిల్లలైతే గర్భం వచ్చాక, బీపీ 160 ఉందని తేలుతుంది. అతికిన చోట మళ్లీ ఇరుకు కావొచ్చు, ఉబ్బు రావొచ్చు. ఏ ఇరుకూ లేకుండానే బీపీ పెరగొచ్చు. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, ఉరికినప్పుడు మాత్రమే విపరీతంగా పెరిగే బీపీ కూడా ఉంటుంది, దానికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. కాబట్టి ప్రతి ఏడాదీ గుండె డాక్టరు దగ్గరికి, మధ్యలో జలుబుకో జ్వరానికో దగ్గరి డాక్టరు దగ్గరికి పోయిన ప్రతిసారీ కుడి చేయి, కాలు బీపీ. డాక్టరు చెప్పిన వ్యవధిలో, పెద్దయ్యాక సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లకోసారి, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ. బాబుకు పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి తన జబ్బు పేరు, ఏ తేదీన ఏం చేశారు అనేది వాడే చెప్పగలిగేలా నేర్పండి. రేపు హాస్టల్‌లోనో వేరే ఊర్లోనో ఉంటే చెప్పాల్సింది వాడే.

బాబు తల్లి గురించి. బాబు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికి వెళ్లాననీ, మొదటి నెలల్లో బరువులు మోశాననీ ఆమె ఏడుస్తోందని రాశారు. ఆమెకు ఈ పేరా చదివి వినిపించండి. బిడ్డ గుండె, పెద్ద నాళాలు గర్భం వచ్చిన మొదటి రెండు నెలల్లోనే, చాలాసార్లు తల్లికి గర్భమని తెలిసేలోపే రూపు కడతాయి. ఆమె తిన్నదీ, మోసిందీ, చూసిందీ దీనికి కారణం కాదు. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది, అలాంటి లోపాలున్న వందమందిలో అయిదారుగురికి ఈ ఇరుకు. మగపిల్లల్లో కాస్త ఎక్కువ. ఆడపిల్లల్లో కనిపిస్తే టర్నర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోమ్ లోపించడం) ఉందేమోనని క్రోమోజోమ్ పరీక్ష చేయిస్తాం. మీది మేనరికమని అడిగారు కాబట్టి చెప్తున్నాను: దగ్గరి సంబంధాల్లో మొత్తం మీద గుండె లోపాలు కొంచెం ఎక్కువని తెలుసు, కానీ మీ బాబుకు అందుకే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆ మాట పట్టుకుని ఇంట్లో ఒకరినొకరు అనుకోవద్దు.

ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డ. ఒక బిడ్డకు గుండె లోపం ఉంటే తర్వాతి బిడ్డకు ఏదో ఒక గుండె లోపం వచ్చే అవకాశం వందలో సుమారు రెండు నుంచి నాలుగు, ఇలాంటి గుండె ఎడమ వైపు లోపాల్లో కాస్త ఎక్కువ కావొచ్చు. అంటే ఎక్కువ అవకాశం బిడ్డ బాగుండేందుకే. 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్‌తో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) పాటు ‘ఫీటల్ ఎకో’ (కడుపులోని బిడ్డ గుండెకు తీసే ఎకో) అని విడిగా రాయించుకోండి, మొదటి బిడ్డకు ఏముందో చెప్పండి. అయితే ఈ ఒక్క లోపాన్ని కడుపులో ఉండగా కచ్చితంగా పట్టుకోవడం కష్టం. గర్భంలో ఊపిరితిత్తుల ధమనికీ బృహద్ధమనికీ మధ్య ఒక అడ్డదారి తెరిచి ఉంటుంది, కింది భాగానికి రక్తం దాని గుండానే ధారాళంగా పోతుంది కాబట్టి ఇరుకు బయటపడదు. ఫీటల్ ఎకో బాగుందని వచ్చినా పుట్టాక చూడాల్సింది చూడాల్సిందే.

ఆ అడ్డదారి పుట్టిన రెండు మూడు రోజుల్లో ముడుచుకోవడం మొదలై, రెండు మూడు వారాల్లో పూర్తిగా మూసుకుపోతుంది. ఇరుకు తీవ్రంగా ఉన్న బిడ్డ డిశ్చార్జ్ రోజు చక్కగా పాలు తాగుతూ, గులాబీ రంగులో ఉండి, తొట్టెల వేసే 21వ రోజు లోపే ఉన్నట్టుండి వాడిపోతుంది. పాలు సగంలో వదిలేయడం, పాలు తాగేటప్పుడు నుదుటి మీద చెమట, డొక్కలెగరేయడం, కాళ్లు చల్లబడి బూడిద రంగు తిరగడం, పన్నెండు గంటలైనా మూత్రం పోయకపోవడం దీని గుర్తులు. ఇవి నిమోనియాలాగా, రక్తంలో ఇన్‌ఫెక్షన్‌లాగా కనిపిస్తాయి. అందుకే పెద్దబాబు జబ్బు సంగతి మీరే ముందుగా చెప్పాలి. అప్పుడు డాక్టరు గజ్జల నాడి చూస్తారు, అనుమానం వస్తే మూసుకుపోతున్న అడ్డదారిని మళ్లీ తెరిచే ప్రోస్టాగ్లాండిన్ మందు డ్రిప్‌లో మొదలుపెడతారు. ఆ మందుకు కొందరు బిడ్డలు ఊపిరి ఆపేస్తారు, కాబట్టి వెంటిలేటర్ వసతి ఉన్న అంబులెన్స్‌లో, డాక్టరు తోడుగా హైదరాబాద్ పంపాలి. సొంత కారులో ఒళ్లో పెట్టుకుని వరంగల్ నుంచి నూట నలభై కిలోమీటర్లు పోయే పని కాదది.

కాన్పు పిల్లల ఐసీయూ ఉన్న చోట పెట్టుకోండి. డిశ్చార్జ్ కాకముందు బిడ్డ గజ్జల నాడి, కుడి చేయి, ఒక కాలు బీపీ, చేతి కాలి ఆక్సిజన్ శాతం చూపించుకోండి, వీలైతే అప్పుడే ఒక ఎకో. ఆక్సిజన్ అంకెలు బాగున్నంత మాత్రాన ఈ ఇరుకు లేదని కాదు, కాబట్టి వారం, పది రోజులకు మళ్లీ ఒకసారి నాడి చూయించండి, మూడు వారాలకు ఇంకోసారి. పురిటికి అమ్మగారింటికి పోతే ఆ ఊరికి దగ్గరి పిల్లల డాక్టరు ఎవరో ఇప్పుడే కనుక్కుని, పెద్దబాబు ఎకో రిపోర్టు జిరాక్స్ ఒకటి ఆమె సంచిలో పెట్టి పంపండి.